కాటా మీద 56, ఒంట్లో 51: డయాలిసిస్‌లో నా తిండి అనుభవం

మా ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించి ఉండేది. నేను తినకూడనివన్నీ మావారు ఎర్ర పెన్నుతో రాసిపెట్టినది. కిడ్నీలు పాడవుతున్నాయని తెలిసిన రోజు నుంచి, అంటే డయాలిసిస్‌కు రెండేళ్ల ముందు నుంచి అది అక్కడే ఉంది. అందులో మొదటి లైను: "ప్రోటీన్ రోజుకు 35 గ్రాములు దాటకూడదు." అప్పుడు నా బరువు 58 కిలోలు. కిలోకు 0.6 గ్రాముల లెక్కన డాక్టరు గారు చెప్పిన మాట అది. మిగిలిన కాస్త కిడ్నీ మీద భారం పడకుండా, డయాలిసిస్ వీలైనంత ఆలస్యంగా రావాలని. రెండేళ్లు నిష్ఠగా పాటించాను.

2023 నవంబరు 14న మెడలో కేథటర్ (రక్తనాళంలోకి పెట్టే గొట్టం) వేసి డయాలిసిస్, అంటే మెషిన్‌తో రక్తం శుభ్రం చేయడం, మొదలుపెట్టారు. కాగితం మాత్రం మారలేదు. మార్చాలని మాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, ఆ గాభరాలో మా చెవికెక్కలేదేమో కూడా. ఇప్పుడు రాస్తున్న గొడవంతా ఆ కాగితం వల్ల వచ్చిందే.

మొదటి సిట్టింగ్ 2 గంటలు, రెండోది 3, మూడో దాని నుంచి పూర్తిగా 4 గంటలు. మంగళ, గురు, శనివారాలు, పొద్దున 6 గంటల షిఫ్టు. డిసెంబరు రెండో వారంలో చేతికి ఫిస్టులా ఆపరేషన్ (డయాలిసిస్ సూదులకు వీలుగా చేతిలో ధమనిని సిరతో కలపడం) చేశారు, దానికి సూదులు గుచ్చడం మొదలుపెట్టింది ఫిబ్రవరి ఆఖరున. లోపలికి వెళ్లగానే కాటా ఎక్కాలి, బయటికి వచ్చేముందు మళ్లీ ఎక్కాలి. మధ్య రోజుల్లో ఒంట్లో చేరిన నీటిని మెషిన్ లాగేస్తుంది. 1 లీటరు నీరంటే 1 కిలో. అదనపు నీరంతా పోయాక మిగలాల్సిన బరువును డ్రై వెయిట్ అంటారు. నాకు 56 అని పెట్టారు. ఆ అంకె ఫైలు అట్ట మీద పెద్దగా రాసి ఉండేది. నేను కూడా దాన్ని దేవుడి మాటలా నమ్మాను.

జనవరిలో మొదటి దెబ్బ తగిలింది. ఉప్పు తగ్గించమన్నారు కదా అని మావారు సోడియం తక్కువగా ఉండే ఉప్పు ప్యాకెట్ ఒకటి తెచ్చారు. చప్పిడి తిండితో విసిగిపోయి ఉన్నానేమో, ప్రాణం లేచొచ్చింది. పది రోజులు ధారాళంగా వాడాను. జనవరి 9, మంగళవారం. ఆది, సోమ రెండు రోజుల గ్యాప్ తర్వాత వచ్చే సిట్టింగ్. ఆ గ్యాప్ తర్వాతే అందరికీ పొటాషియం ఎక్కువగా ఉంటుంది. ఆ రోజు మెట్లెక్కుతుంటే తొడల్లో సత్తువ లేదు, గుండె దడదడలాడుతోంది. రక్తం తీస్తే పొటాషియం 6.4. ఉండాల్సింది 5.5 లోపు. గబగబా ఈసీజీ తీసి మెషిన్ ఎక్కించారు. "ఏం తిన్నారమ్మా?" అని టెక్నీషియన్ అడిగితే అరటిపండు ముట్టలేదని ఒట్టేసి చెప్పాను. నిజంగానే ముట్టలేదు. రెండు రోజుల తర్వాత మా అబ్బాయి ఆ ఉప్పు ప్యాకెట్ వెనక సన్న అక్షరాలు చదివి వినిపించాడు. సోడియం తగ్గించిన చోట పొటాషియం క్లోరైడ్ కలిపారట. కిడ్నీలు పనిచేసేవాళ్లకు అది మంచిదే కావచ్చు. నాకు మాత్రం విషంతో సమానం.

ఆ భయం నన్ను వదల్లేదు. కాగితం మీద లైన్లు పెరిగాయి. టమాటా, బంగాళాదుంప, పాలకూర, పండ్లు, పాలు, పప్పులు, గుడ్లు, మాంసం. ఫాస్పరస్ కోసం కొన్ని, పొటాషియం కోసం కొన్ని, నీటి కోసం కొన్ని, దేనికోసమో గుర్తులేకుండా కొన్ని కొట్టేశాం. చివరికి మిగిలింది తెల్లన్నం, ఉడికించిన ఒకటి రెండు కూరగాయలు, బ్రెడ్డు, ప్యాకెట్ బిస్కెట్లు, చీజు. అవి కూడా నోట్లో పెట్టుకుంటే ఇనప గరిటె నాకినట్టు ఉండేది. ఈ లోహపు రుచి డయాలిసిస్ వాళ్లలో చాలామందికి ఉంటుందని తర్వాత తెలిసింది. నాలుగు ముద్దలు తిని కంచం పక్కన పెడితే ఇంట్లో ఎవరూ ఏమీ అనేవారు కాదు. పథ్యం బాగా చేస్తోందని మెచ్చుకునేవారు.

డయాలిసిస్ రోజుల సంగతి వేరే. 5 గంటలకు ఖాళీ కడుపుతో బయల్దేరడం. పదిన్నరకు మెషిన్ దిగి, సూదులు తీసిన చోట రక్తం ఆగేదాకా పావుగంట నొక్కిపట్టుకుని, ఇంటికొచ్చి పడుకుంటే లేచేది మధ్యాహ్నం మూడింటికి. టిఫిన్ లేదు, భోజనం లేదు. చాలా తర్వాత డైటీషియన్ వేళ్ల మీద లెక్కపెట్టించింది. వారానికి 21 పూటలు. అందులో 6 పూటలు నేను ఏమీ తినడం లేదు. మిగతా పూటలు తిన్నది కూడా అరకొరే. ఈ లెక్క నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

తమాషా ఏమిటంటే రిపోర్టులు మెరుగుపడుతూ వచ్చాయి. యూరియా, క్రియాటినిన్ అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థాలు. మొదలైనప్పుడు యూరియా 140, ఏప్రిల్‌కు 78. క్రియాటినిన్ 9.1 నుంచి 6.2. మావారు ఆ కాగితాలు పట్టుకుని అందరికీ ఫోన్లు చేశారు. కిడ్నీలు కోలుకుంటున్నాయేమోనని మా అమ్మ మొక్కులు మొక్కింది. నాకు మాత్రం స్నానం చేసి జుట్టు తుడుచుకోవడానికి చెయ్యి పైకెత్తితే ఆయాసం వచ్చేది. అద్దంలో కణతల దగ్గర గుంటలు. చేతుల పైభాగం పుల్లల్లా ఉంది, చెప్పులేమో బిగుతుగా ఉన్నాయి. కాటా మీద మాత్రం ఎప్పటిలాగే సిట్టింగ్ అయ్యేసరికి సరిగ్గా 56. బరువు తగ్గలేదు కాబట్టి బాగానే ఉన్నానని అందరం అనుకున్నాం.

జూన్ 10, సోమవారం రాత్రి. పడుకుంటే ఊపిరి ఆడలేదు. లేచి కూర్చుంటే కాస్త నయం. మళ్లీ వాలితే మునిగిపోతున్నట్టు. రెండు గంటలకు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆ రాత్రే డయాలిసిస్, తర్వాత వరసగా మూడు రోజులు మళ్లీ. నాలుగో రోజు పెద్ద డాక్టరు గారు వచ్చి నా చెయ్యి పట్టుకుని పైకి కిందికి చూశారు, రెప్పల కింద, కణతల మీద నొక్కి చూశారు. "మీ డ్రై వెయిట్ 56 ఎప్పుడు పెట్టారమ్మా?" అన్నారు. నవంబరులో అన్నాను. "అప్పటి కండ ఇప్పుడు లేదు. అది కరిగిపోయిన చోట నీళ్లు చేరాయి. కాటాకు కండేదో నీళ్లేవో తెలియదు కదా" అన్నారు.

యూరియా ఎందుకు తగ్గిందో కూడా ఆయనే చెప్పారు. ప్రోటీన్ తింటేనే యూరియా తయారవుతుంది. తినడం మానేస్తే అదీ తగ్గుతుంది. క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. కండ పోతే అదీ తగ్గుతుంది. మేము పండగ చేసుకున్న అంకెలు నేను ఎండిపోతున్నానని చెబుతున్న అంకెలట. ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) 2.9. దాన్ని 4 దగ్గర చూడాలనుకుంటారు. ప్రతి నెలా రిపోర్టులో ఆ లైను ఉంది. మేం చూసే లైన్లలో అది లేదంతే.

జూన్ నెలాఖరుకు నీళ్లు తీస్తూ తీస్తూ డ్రై వెయిట్‌ను 51కి దించారు. ఆ సిట్టింగులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మూడో గంట దాటగానే పిక్కలు పట్టేసేవి. ముడి వేసిన తాడులా గట్టిపడిన పిక్కను నర్సు రెండు చేతులతో రుద్దుతుంటే పళ్లు బిగబట్టుకునేదాన్ని. 51 అని విన్న రోజు ఏడ్చాను. 5 కిలోల నన్ను నేనే పోగొట్టుకున్నానన్నమాట. అదీ బుద్ధిగా పథ్యం చేసి.

డైటీషియన్ కోసం 19 రోజులు ఆగాం. మా సెంటర్‌కు ఆమె నెలకు రెండు బుధవారాలే వస్తుంది. జూన్ 14న డిశ్చార్జి అయ్యాను. 19న వస్తుందన్నారు, ఆ రోజు సెలవు పెట్టింది. జూలై 3న దొరికింది. ముందుగానే మూడు రోజుల తిండి రాసి తెమ్మన్నారు: ఒకటి డయాలిసిస్ రోజు, ఒకటి మామూలు రోజు, ఒకటి ఆదివారం. మీరు వెళ్లేముందు ఇది రాసుకోండి. గుర్తు తెచ్చుకుని చెబితే మనకు తెలియకుండానే ఎక్కువ చెబుతాం. నేను రాసింది కూడితే ప్రోటీన్ 32 గ్రాములు, శక్తి 900 కేలరీలు. తర్వాత పిడికిలి బలం కొలిచే ఒక పరికరం చేతికిచ్చి గట్టిగా పిసకమంది. ముల్లు కాస్త కదిలి ఆగిపోయింది. నా వయసు 48. "70 ఏళ్లావిడ ఇంతకంటే గట్టిగా పిసుకుతుందండీ" అంది. కోపం రాలేదు, నవ్వొచ్చింది.

డయాలిసిస్ మొదలైన రోజే ఆ పాత కాగితం చింపేయాల్సిందంది. మెషిన్ ఎక్కాక లెక్క తలకిందులవుతుంది. చెత్తతో పాటు మంచి సరుకు కూడా ఫిల్టరులోంచి పోతుంది. ఒక్కో సిట్టింగ్‌లో 6 నుంచి 12 గ్రాముల దాకా అమైనో ఆమ్లాలు కొట్టుకుపోతాయట. అందుకని ప్రోటీన్ కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. నాకు దాదాపు 60. కేలరీలు 1500 పైన. అవి చాలకపోతే తిన్న ప్రోటీన్‌ను ఒళ్లు పొయ్యిలో కట్టెలా కాల్చేసుకుంటుంది. ప్రోటీన్ పెంచమంటే అర్థమైంది గానీ, తిండిలో నూనె కూడా కాస్త పెంచమంటే మావారు నమ్మలేకపోయారు. రెండుసార్లు అడిగారు.

ఇక ఆచరణ. రాయడం తేలిక.

గుడ్డు తెల్లసొన నన్ను బతికించింది. ఒక్కో దానిలో మూడున్నర గ్రాముల పైన ప్రోటీన్, ఫాస్పరస్ దాదాపు లేదు. పచ్చసొనలోనే ఉంటుంది అదంతా. పొద్దున మూడు, రాత్రి రెండు. మధ్యాహ్నం చికెనో చేపో అరచేతంత ముక్క. మొదటి వారం తెల్లసొన వాసనకే వాంతి వచ్చేది. వేడిగా ఉంటే వాసన ఎక్కువ, చల్లారాక తినమంది డైటీషియన్. నిజమే, ఫ్రిజ్‌లోంచి తీసి మిరియాల పొడి, నిమ్మరసం చుక్కలు వేసుకుంటే లోపలికి పోయింది. తినేముందు నోరు పుక్కిలిస్తే ఆ ఇనప రుచి కూడా కాస్త తగ్గుతుంది.

కిడ్నీ పేషెంట్ల కోసమని ప్రత్యేకంగా ప్రోటీన్ పౌడర్లు ఉంటాయి. ఒక డబ్బా పన్నెండు రోజులకు అయిపోయేది. ఆ డబ్బుతో నాకు అంతకంటే ఎక్కువ రోజులకు గుడ్లు వచ్చేవి. మూడు డబ్బాలు వాడి మానేశాను. బొత్తిగా తినలేని వారంలో పనికొస్తుంది, కాదనను. జిమ్‌కు వెళ్లే మా అబ్బాయి తన డబ్బా ఇవ్వబోయాడు. డైటీషియన్ లేబుల్ చూసి వద్దంది, పొటాషియం, ఫాస్పరస్ రెండూ ఎక్కువే.

ఫాస్పరస్ నా రెండో తలనొప్పి. అప్పుడు 6.8, ఉండాల్సింది 5.5 లోపు. దాని కోసం బైండర్లని మాత్రలు ఇస్తారు. నేను వాటిని మిగతా మాత్రలన్నిటితో కలిపి, భోజనం అయిన గంటకు, చుక్క నీళ్లతో మింగేదాన్ని. ఏడు నెలలు అలాగే. ఆ మాత్ర చేసే పనల్లా కడుపులో అన్నంతో కలిసి ఫాస్పరస్‌ను పట్టుకుని బయటికి పంపడమే. అన్నం లేనప్పుడు వేసుకుంటే ఏం పట్టుకుంటుంది? ఇప్పుడు ముద్దల మధ్యలో వేసుకుంటాను. హ్యాండ్‌బ్యాగులో చిన్న డబ్బీ ఉంటుంది. ఇంకో సంగతి, ప్యాకెట్ తిండిలో, కోలా డ్రింకుల్లో కలిపే ఫాస్ఫేట్ దాదాపు అంతా ఒంటికి పడుతుందట. పప్పుల్లో, గింజల్లో ఉన్నది అంతగా పట్టదు. నేను పప్పు మానేసి, ప్యాకెట్ బిస్కెట్లూ ప్రాసెస్ చేసిన చీజూ తింటూ కూర్చున్నాను. ఎంత తెలివో.

బంగాళాదుంప మళ్లీ కంచంలోకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. జూలై 21, ఆదివారం. తొక్క తీసి, చిన్న ముక్కలు చేసి, పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి మరిగించి, ఆ నీళ్లు సింకులో పారబోసి, మళ్లీ కొత్త నీళ్లతో ఉడికించాలి. రెండోసారి నీళ్లు కూడా పారబోయాలి. పొటాషియం సగం పైగా ఆ నీళ్లలోకి దిగిపోతుంది. ఊరికే నానబెడితే అంత పోదు, మరగాల్సిందే. మొదటిసారి వంచిన నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. గిన్నె పట్టుకుని అలా చూస్తూ నిలబడ్డాను. ముక్కల్లో అసలు రుచి ఏమంత మిగల్లేదు. నూనెలో ఎర్రగా వేయించుకుని, ఆరు నెలల తర్వాత తిన్నాను. మా అబ్బాయి పక్కనే నిలబడి చూశాడు, నాకేమైనా అవుతుందేమోనని.

నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. రోజుకు వచ్చే మూత్రం, దానిపైన అర లీటరు. నాకు 300 వచ్చేది, కాబట్టి 800 మిల్లీలీటర్లు. కూరలో పులుసు, టీ, ఐసు ముక్క, అన్నీ అందులోవే. ఉప్పు తగ్గితే దాహం దానంతటదే తగ్గుతుంది. ఉప్పు తగ్గించకుండా నీళ్లు తగ్గించడం ఎవరి వల్లా కాదు.

అసలు యుద్ధం సెంటర్‌తో. పొద్దున 6 గంటలకు మొదలయ్యే షిఫ్టులో ఏమీ తిననివ్వరు. మెషిన్ మీద ఉన్నప్పుడు తింటే రక్తం పొట్ట వైపు మళ్లి బీపీ పడిపోతుందని వాళ్ల భయం. భయం ఊరికే కాదు. డాక్టరు గారి చేత రాయించుకుని తెల్లసొనలు డబ్బాలో పట్టుకెళితే, రెండో రోజే నాకు పైబీపీ 90కి పడింది. నర్సు నా వైపు చూసిన చూపు! మూడో గంటలో తిన్నాను అప్పుడు. తర్వాత నుంచి మొదటి గంటలోనే, కొద్దికొద్దిగా, వెనక్కి వాలకుండా కూర్చుని తింటున్నాను. మళ్లీ పడలేదు. అందరికీ ఇలాగే కుదురుతుందని చెప్పలేను, మీ డాక్టరును అడక్కుండా డబ్బా తెరవకండి. జూలై 6న మధ్యాహ్నం షిఫ్టు అడిగాను. ఏడు వారాలకు, ఆగస్టు 24న ఇచ్చారు. టిఫిన్, తొందరగా భోజనం చేసి వెళ్లి, రాత్రి ఇంటికొచ్చి తినొచ్చు. పోయిన 6 పూటల్లో 5 తిరిగొచ్చాయి. మందులకంటే నాకు ఎక్కువ మేలు చేసింది ఆ టైము మార్పే అనిపిస్తుంది. పైసా ఖర్చు లేదు కూడా.

బి విటమిన్ మాత్ర డయాలిసిస్ అయ్యాకే వేసుకోమన్నారు. ముందు వేసుకుంటే మెషిన్ కడిగేస్తుంది. మలబద్ధకం గురించి సిగ్గుపడకుండా చెప్పమన్నారు, ఎందుకంటే కిడ్నీలు పనిచేయనివాళ్లకు కొంత పొటాషియం మలం ద్వారానే పోతుంది. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు నేను.

ఆల్బుమిన్ ఆగస్టులో 3.2, సెప్టెంబరులో 3.4. అక్టోబరులో ఠక్కున 3.0. నెలంతా ముక్క వదలకుండా తిన్నాను, అలాంటిది ఆ రిపోర్టు చూసి చింపేయబోయాను. ఆ నెల దవడ పన్ను చీము పట్టి మందులు వాడాను. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫెక్షన్ ఉన్నా, తిండి బాగున్నా ఆల్బుమిన్ పడిపోతుందట. ఒక్క అంకె చూసి తిండి సంగతి తేల్చొద్దంది డైటీషియన్. పన్ను తీయించాక డిసెంబరులో 3.5, 2025 ఫిబ్రవరిలో 3.7.

ఆ మధ్యలో కాళ్లకు వాపు లేకపోయినా సిట్టింగ్ ఆఖరున పిక్కలు పట్టేయడం మొదలైంది. నాకు మళ్లీ టెన్షన్. టెక్నీషియన్ ఫైలు చూసి, "కండ పడుతోందమ్మా, ఆ బరువును నీళ్లనుకుని ఒంటికి కావాల్సిన నీళ్లు కూడా లాగేస్తున్నాం" అని డాక్టరును పిలిచాడు. డ్రై వెయిట్ అర కిలో పెంచారు. అలా అర కిలో, అర కిలో, ఫిబ్రవరికి 53.5. యూరియా 118. క్రియాటినిన్ 8కి వచ్చింది. ఆ రిపోర్టు చూసి మా అమ్మ మళ్లీ కంగారుపడింది. కూర్చోబెట్టి అరగంట చెప్పాను. అర్థమైందంది గానీ అయిందో లేదో.

ఫ్రిజ్ మీది కాగితం తీసేశాం. ఆ చోట జిగురు మరక మిగిలింది, గోకినా పోవడం లేదు. ఫాస్పరస్ ఇంకా 5.9. పోయిన బుధవారం డైటీషియన్ చూసి, ఏం తింటున్నానో అడిగింది. చీజ్ సంగతి ఒప్పుకున్నాను.